వాలరెంట్ షూటింగ్ గేమ్‌లో మౌస్ బరువుగా కదులుతోంది, డెస్క్‌టాప్‌లో మాత్రం బాగానే ఉంది. ఏం మార్చాలి?

గోదారి_గన్నర్ | రాజమండ్రి

అందరికీ నమస్కారం. ఈ మధ్యే పీసీ కట్టించుకున్నాను. రైజెన్ 5 5600, జీటీఎక్స్ 1660 సూపర్, 16 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ మానిటర్. మౌస్ వైర్‌లెస్, డాంగిల్‌తో (పీసీకి గుచ్చే చిన్న రిసీవర్‌తో) పనిచేసేది. పెట్టె మీద 1000 హెర్ట్జ్ అని ఉంది.

డెస్క్‌టాప్ మీద పాయింటర్ చక్కగా తిరుగుతుంది. వాలరెంట్ తెరవగానే మౌస్ బరువెక్కినట్టు అయిపోతుంది. నేను చెయ్యి ఆపేశాక కూడా క్రాస్‌హెయిర్ (గురి గుర్తు) ఇంకాస్త జరిగి ఆగుతోంది. ఫ్లిక్ కొడితే, అంటే మౌస్‌ని ఒక్కసారిగా విసిరితే, ఎదుటివాడి తల దాటి గోడకి తగులుతోంది. ఇది కాక, అప్పుడప్పుడూ పాయింటర్ ఒక్క క్షణం అతుక్కుపోయి, తర్వాత ఎగిరి ఎక్కడో పడుతుంది. ముంబై సర్వర్‌కి పింగ్ (కబురు వెళ్లి వచ్చే టైమ్) 40 మిల్లీసెకన్ల లోపే ఉంటుంది కాబట్టి నెట్ సమస్య కాదనుకుంటున్నాను.

కొత్త మౌస్ కొనాలా, సెట్టింగులతో సరిపోతుందా? దయచేసి చెప్పండి.

హన్మకొండ_హెడ్‌షాట్

ముందు విండోస్‌లో మౌస్ యాక్సిలరేషన్ తీసెయ్ బ్రో. సెట్టింగ్స్‌లో మౌస్ పేజీకి పోయి అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ నొక్కు, అందులో పాయింటర్ ఆప్షన్స్. ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ పక్కన టిక్ ఉంటే తీసెయ్. స్పీడ్ గీతను సరిగ్గా మధ్యలో, అంటే 11 గీతల్లో ఆరో దాని మీద పెట్టు. అది ఆన్‌లో ఉంటే చెయ్యి ఎంత వేగంగా కదిలితే పాయింటర్ అంత ఎక్కువ దూరం పోతుంది. కండరాలకు అలవాటు కుదరదు.

ఫైనల్_రౌండ్ | విజయవాడ

1000 హెర్ట్జ్ పాతబడిపోయింది బ్రో. 8000 హెర్ట్జ్ మౌస్ తీసుకో, తేడా వెంటనే తెలుస్తుంది. నేను మారాక మళ్లీ వెనక్కి వెళ్లలేదు.

సర్క్యూట్_శాస్త్రి | హైదరాబాద్

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆలస్యం ఎక్కడుందో పట్టుకుందాం. నేను ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) పని చేస్తాను, యూఎస్‌బీ నాకు రోజూ ఉండే వ్యవహారమే.

మౌస్ కదిలినప్పటి నుంచి తెర మీద బొమ్మ మారేదాకా చాలా మజిలీలున్నాయి. సెన్సర్ కదలికను చదవాలి, మౌస్ ఆ లెక్కను కంప్యూటర్‌కి పంపాలి, గేమ్ దాన్ని తీసుకోవాలి, ప్రాసెసర్ ఫ్రేమ్ సిద్ధం చేయాలి, గ్రాఫిక్స్ కార్డు దాన్ని గీయాలి, మానిటర్ చూపించాలి. ప్రతి చోటా కొంత టైమ్ పోతుంది.

మౌస్ వాటా ఎంతో చూడండి. మామూలు ఆఫీస్ మౌస్ 125 హెర్ట్జ్‌లో ఉంటుంది, అంటే 8 మిల్లీసెకన్లకొకసారి కబురు పంపుతుంది. 500 అయితే 2 మిల్లీసెకన్లు, 1000 అయితే 1. 8000 అయితే 0.125. కాబట్టి 125 నుంచి 1000కి రావడం నిజంగా పెద్ద మార్పు. 1000 నుంచి 8000కి వెళ్తే మిగిలేది ఒక్క మిల్లీసెకను కూడా కాదు.

అదే మానిటర్ 60 హెర్ట్జ్‌లో నడుస్తుంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. 144లో 6.9. వీ-సింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగు) ఆన్‌లో ఉంటే గీసిన ఫ్రేములు తమ వంతు కోసం ఆగుతాయి. 60 హెర్ట్జ్‌లో రెండు ఫ్రేములు వెనకబడితేనే 33 మిల్లీసెకన్లు పోయినట్టు. ‘మౌస్ బరువుగా ఉంది’ అని చెప్పేవాళ్లలో ఎక్కువమంది అనుభవించేది దీన్నే. డెస్క్‌టాప్‌లో బాగుండి గేమ్‌లోనే బరువుగా ఉందంటే నా అనుమానం మౌస్ మీద కాదు, తెర మీద.

ఇంకో మాట. వాలరెంట్ మౌస్ లెక్కను విండోస్ పాయింటర్ సెట్టింగులతో పని లేకుండా నేరుగా, రా ఇన్‌పుట్ పద్ధతిలో తీసుకుంటుంది. కాబట్టి ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ తీసేయడం మంచి అలవాటే కానీ, వాలరెంట్ ఎయిమ్‌కి (గురికి) దానితో సంబంధం లేదు. కౌంటర్ స్ట్రైక్ 2 కూడా అంతే. పాత గేమ్‌లు కొన్నిటిలో మాత్రం ఆ టిక్ ప్రభావం ఉంటుంది.

గోదారి_గన్నర్ గారూ, ఇవి చూసి చెప్పండి. గేమ్‌లో వీ-సింక్ ఆన్‌లో ఉందా? విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో రిఫ్రెష్ రేట్ ఎంత చూపిస్తోంది? డాంగిల్ ఎక్కడ పెట్టారు? డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే పంపే కౌంట్ల సంఖ్య) ఎంత, గేమ్ సెన్సిటివిటీ ఎంత?

గోదారి_గన్నర్

శాస్త్రి గారూ, ఇప్పుడే చూశాను. వీ-సింక్ ఆన్‌లో ఉంది, తెర అడ్డంగా చీలినట్టు కనిపిస్తే పెట్టాను. రిఫ్రెష్ రేట్ 60 అని ఉంది! మానిటర్ 144 అయితే విండోస్ దానంతట అదే పెట్టుకుంటుందనుకున్నాను. కేబుల్ హెచ్‌డీఎంఐ. డాంగిల్ క్యాబినెట్ వెనకాల నీలం రంగు పోర్టులో ఉంది, దాని పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. క్యాబినెట్ టేబుల్ కింద ఉంటుంది. డీపీఐ 1600, సెన్సిటివిటీ 0.8.

హన్మకొండ_హెడ్‌షాట్

1600 మీద 0.8 ఆ! ఫ్లిక్ గోడకు తగలకుండా ఎట్లుంటది మరి.

సర్క్యూట్_శాస్త్రి

దొరికింది. మీకున్నది ఒక సమస్య కాదు, మూడు. ఒకదాన్ని ఒకటి కప్పేస్తున్నాయి.

బరువు సంగతి ముందు. కొన్ని మానిటర్లలో హెచ్‌డీఎంఐ పోర్టు 144 దాకా వెళ్లదు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మానిటర్ పెట్టెలోనే వచ్చి ఉండొచ్చు, వెతకండి. దాన్ని గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి, మదర్‌బోర్డుకి కాదు. తర్వాత అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 ఎంచుకోండి. గేమ్‌లో వీ-సింక్ తీసేయండి. వీడియో సెట్టింగుల్లో ఎన్విడియా రిఫ్లెక్స్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. 2020లో వచ్చింది ఇది. ప్రాసెసర్ ముందే ఫ్రేములు సిద్ధం చేసి గ్రాఫిక్స్ కార్డు ముందు వరుస కట్టించకుండా ఆపుతుంది. మీ 1660 సూపర్‌లో పనిచేస్తుంది, 900 సిరీస్ నుంచీ పనిచేస్తుంది. ఏఎండీ కార్డులున్నవాళ్లకు ఇలాంటిదే యాంటీ-ల్యాగ్ ఉంది.

రెండోది అతుక్కుపోయి ఎగరడం. ఇది నూటికి తొంభై పాళ్లు డాంగిల్ ఉన్న చోటు వల్లే. యూఎస్‌బీ 3.0 పోర్టు, దాని కేబుల్, దానికి తగిలించిన హార్డ్ డిస్క్ డేటా పంపేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద చేస్తాయి. మీ మౌస్ మాట్లాడేది కూడా అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద సాంకేతిక పత్రం విడుదల చేసింది, వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌ని ఉదాహరణగా తీసుకునే వివరించింది. పైగా మీ డాంగిల్‌కీ మౌస్‌కీ మధ్య ఇనుప క్యాబినెట్, టేబుల్ చెక్క, అన్నిటికీ మించి మీ కాళ్లు ఉన్నాయి. మనిషి ఒంట్లో ఉండే నీరు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది.

మౌస్ పెట్టెలో చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఇచ్చి ఉంటారు, చాలామంది దాన్ని చార్జింగ్ కోసమే అనుకుంటారు. దానితో డాంగిల్‌ని టేబుల్ మీదికి తెచ్చి, మౌస్‌ప్యాడ్‌కి ఒక జానెడు దూరంలో పెట్టండి. రెండో చివర నలుపు రంగు యూఎస్‌బీ 2.0 పోర్టులో గుచ్చండి. మౌస్‌కి యూఎస్‌బీ 2.0 వేగం ఎక్కువే.

సెన్సిటివిటీ సంగతి హన్మకొండ మిత్రుడు చెబుతారు.

హన్మకొండ_హెడ్‌షాట్

చెప్తా. డీపీఐని సెన్సిటివిటీతో గుణిస్తే ఈడీపీఐ వస్తది. నీది 1600 ఇంటూ 0.8, అంటే 1280. వాలరెంట్‌లో ఒక్కో కౌంట్‌కి సెన్సిటివిటీ 1 దగ్గర 0.07 డిగ్రీలు తిరుగుతది. లెక్క కడితే నీ క్యారెక్టర్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ 10 సెంటీమీటర్లు జరిపితే చాలు. అరచేతి వెడల్పు అంతే కదా! తల మీద పెట్టాలంటే వెంట్రుకవాసి కదలిక కావాలి, అది ఎవరి చేతికీ సాధ్యం కాదు.

800 డీపీఐ, 0.35 పెట్టి చూడు. ఈడీపీఐ 280. చుట్టు తిరగడానికి దాదాపు 47 సెంటీమీటర్లు. బాగా ఆడేవాళ్లలో చాలామంది 200 నుంచి 400 మధ్యలనే ఉంటరు. ఒక్కసారి దూకకు, చెయ్యి ఎదురు తిరుగుతది. మొదలు 0.6, అలవాటయ్యాక 0.45, తర్వాత కిందికి. మోచేయి టేబుల్ మీద ఆనించి చెయ్యి మొత్తం కదపడం నేర్చుకోవాలి. మణికట్టుతో ఆడేవాళ్లకు తక్కువ సెన్సిటివిటీ కష్టంగనే ఉంటది మొదట్ల.

ఫైనల్_రౌండ్

400 డీపీఐ కదా అందరూ వాడేది?

హన్మకొండ_హెడ్‌షాట్

పాత అలవాటు బ్రో. అప్పటి సెన్సర్లు ఎక్కువ డీపీఐలో వణికేవి. ఇప్పుడు పిక్స్‌ఆర్ట్ 3360 దగ్గర్నుంచి 3395 దాకా ఏ మంచి సెన్సరైనా 800లో, 1600లో శుభ్రంగా చదువుతది. ఈడీపీఐ ఒకటే ఉంటే ఎయిమ్ ఒకటే. పైగా డీపీఐ ఎక్కువుంటే చిన్న కదలిక కూడా కాస్త ముందే లెక్కలోకి వస్తది. 1600 ఉంచుకొని సెన్సిటివిటీ 0.175 పెట్టుకున్నా అదే 280. పెట్టె మీద 26000 అని రాసిన అంకె చూసి మాత్రం మౌస్ కొనకండి, అంత డీపీఐతో ఎవరూ ఆడరు.

కేఫ్_రాజు | గుంటూరు

నమస్తే. నాకు గేమింగ్ కేఫ్ ఉంది. మౌసులు రోజూ చేతిలో పడతాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్లు చెప్పని సంగతులు కొన్ని చెప్తాను.

మా దగ్గరకొచ్చే పిల్లలు మౌస్ స్లో అయిపోయిందంటే నేను మొదట దాన్ని తిరగేస్తాను. అడుగున తెల్లగా నాలుగు పట్టీలుంటాయి, టెఫ్లాన్‌వి. వాటి అంచుల చుట్టూ నల్లగా మురికి గారలా పేరుకుంటుంది. చేతి జిడ్డు, ప్యాడ్ నూగు, చిప్స్ పొడి కలిసి అలా అవుతుంది. గోటితో గీకితే ఊడొస్తుంది. ఇది ఉన్నంతసేపూ మౌస్ కదలడం మొదలుపెట్టేటప్పుడు ఒక పట్టు పట్టి, తర్వాత జర్రున జారుతుంది. చిన్న చిన్న సవరింపులు చేయాల్సినచోట అదే చంపుతుంది. పట్టీలు అరిగి ప్లాస్టిక్ తగులుతుంటే కొత్తవి అంటించాలి, విడిగా దొరుకుతాయి.

తర్వాత సెన్సర్ కన్ను. అందులో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా పాయింటర్ వణుకుతుంది. పొడి ఇయర్‌బడ్‌తో మెల్లగా తీయండి. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది.

గుడ్డ ప్యాడ్ ఎండాకాలంలో చెమట పీల్చి మొద్దుబారుతుంది. గోరువెచ్చని నీళ్లలో కొంచెం షాంపూ వేసి అరచేత్తో రుద్ది, పిండకుండా నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరేదాకా వాడొద్దు. ప్యాడ్ లేకుండా నున్నటి సన్‌మైకా టేబుల్ మీద ఆడేవాళ్లున్నారు, గాజు బల్ల మీద ఆడేవాళ్లూ ఉన్నారు. గాజు మీద చాలా సెన్సర్లకు ఏమీ కనపడదు. మూడొందల రూపాయల ప్యాడ్ వేసి చూడండి, మౌస్ మార్చినంత తేడా ఉంటుంది.

వైరున్న మౌస్ అయితే వైరు టేబుల్ అంచుకి రాసుకుంటోందేమో చూడండి. మా కేఫ్‌లో వైరుని మానిటర్ స్టాండుకి క్లిప్పు పెట్టి, మౌస్ దగ్గర కాస్త వదులుగా వంపు వదిలాం. దానితో సగం ఫిర్యాదులు పోయాయి.

గోదారి_గన్నర్

రాజు అన్నా, మీరు చెప్పినట్టే తిరగేసి చూశాను, పట్టీల చుట్టూ గార ఉంది. కొత్త మౌస్‌కే ఇంత త్వరగా పడుతుందని తెలీదు. శుభ్రం చేశాను.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టెలోనే దొరికింది. 144 పెట్టి, వీ-సింక్ తీసేసి, రిఫ్లెక్స్ ఆన్ చేశాను. శాస్త్రి గారూ, బరువు పోయింది. చెయ్యి ఆపితే క్రాస్‌హెయిర్ ఆగుతోంది. డాంగిల్ టేబుల్ మీదికి తెచ్చాక ఎగరడం కూడా ఆగింది. హార్డ్ డిస్క్‌లోకి సినిమాలు కాపీ చేస్తూ కావాలనే ఆడి చూశాను, బాగానే ఉంది. డాంగిల్‌ని మళ్లీ వెనక్కి పెట్టి కాపీ మొదలుపెడితే పాయింటర్ వెంటనే తడబడింది. అంత స్పష్టంగా తెలుస్తుందనుకోలేదు.

తెర చీలడం మాత్రం మళ్లీ అప్పుడప్పుడూ కనిపిస్తోంది.

సర్క్యూట్_శాస్త్రి

చాలా సంతోషం. కాపీ పరీక్ష చేశారు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

చీలిక సంగతికి వస్తే, మీ మానిటర్‌కి ఫ్రీసింక్ (ఫ్రేములు వచ్చే వేగాన్ని బట్టి తెర తన వేగం మార్చుకోవడం) ఉంటే డిస్‌ప్లేపోర్ట్ మీద మీ కార్డు దాన్ని జీ-సింక్ కంపాటిబుల్‌గా వాడుకోగలదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ ఆన్ చేసి, వీ-సింక్‌ని ఆ ప్యానెల్‌లోనే ఆన్ చేయండి, గేమ్‌లో ఆఫ్‌లోనే ఉంచండి. రిఫ్లెక్స్ కూడా ఉంటే ఫ్రేములు వాటంతటవే సెకనుకి 138 దగ్గర ఆగుతాయి. 144 తాకనివ్వదు కాబట్టి వీ-సింక్ వరుస ఏర్పడదు. చీలికా ఉండదు, బరువూ ఉండదు.

డాలస్_డ్యుయలిస్ట్

శాస్త్రి గారి పద్ధతి కథలు నడిచే గేమ్‌లకు బ్రహ్మాండం. ర్యాంక్ మ్యాచ్‌లకు మాత్రం నేను జీ-సింక్ వాడను. ఫ్రేములకు హద్దు పెట్టకుండా వదిలేస్తాను. వాలరెంట్ తేలిక గేమ్, మీ పీసీలో 200 పైనే వస్తాయి. తెర 144 అయినా, ఫ్రేములు ఎక్కువ తయారవుతుంటే చూపించే ఫ్రేమ్ మరింత తాజాది అవుతుంది. చీలిక కొన్నాళ్లకు కంటికి ఆనదు.

8000 హెర్ట్జ్ గురించి కూడా చెప్తాను, నా దగ్గర ఉంది కాబట్టి. 240 హెర్ట్జ్ తెర మీద పాయింటర్ కదలిక ఇంకొంచెం నునుపుగా ఉంటుంది, ఆ మాట నిజం. కానీ సెకనుకి 8000 సార్లు కబురొస్తుంటే ప్రాసెసర్‌కి ప్రతిసారీ పనే. నా పాత నాలుగు కోర్ల పీసీలో మౌస్ గట్టిగా తిప్పగానే ఫ్రేములు పడిపోయేవి. విండోస్ 11లో 2023లో వచ్చిన అప్‌డేట్‌తో బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న ప్రోగ్రాముల వల్ల వచ్చే ఈ తడబాటును చాలావరకు తగ్గించారు. వాలరెంట్‌లో రా ఇన్‌పుట్ బఫర్ ఆన్ చేస్తే కూడా మేలు. వైర్‌లెస్ అయితే బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. 144 తెర ఉన్నవాళ్లు 1000లో ఉండటమే నయం. ఆ డబ్బుతో మానిటర్ మార్చుకోండి.

ఫైనల్_రౌండ్

నాకు తేడా తెలిసింది కాబట్టి చెప్పాను. నాది 8 కోర్ల ప్రాసెసర్, 280 హెర్ట్జ్ తెర. అతని పీసీకి అవసరం లేదంటే ఒప్పుకుంటాను.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు

నాది కొంచెం వేరే కేసు. లాప్‌టాప్‌ని హాల్లో టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపి ఆడుతున్నాను. మౌస్ చాలా వెనకబడుతోంది. డెస్క్‌టాప్‌లో కూడా.

కేఫ్_రాజు

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మామూలుగా టీవీ బొమ్మకు మెరుగులు దిద్ది చూపిస్తుంది, కదలిక నునుపు చేయడం లాంటివి. దానికే బోలెడు టైమ్ పడుతుంది. గేమ్ మోడ్ పెడితే అవన్నీ ఆపేస్తుంది. లాప్‌టాప్ చార్జర్ కూడా పెట్టే ఆడండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు వేగం తగ్గించేసుకుంటాయి.

కొత్త_ఆటగాడు | కర్నూలు

ఒక వీడియోలో రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో) మౌస్ డేటా క్యూ సైజ్ అని ఉంటుంది, 100 ఉన్నదాన్ని 20 చేస్తే ల్యాగ్ పోతుందన్నారు. చెయ్యొచ్చా?

సర్క్యూట్_శాస్త్రి

చెయ్యకండి. అది మౌస్ నుంచి వచ్చిన కబుర్లు గేమ్ తీసుకునేదాకా వేచి ఉండే గది పరిమాణం, అంతే. ఆలస్యం కాదు. బస్టాండులో కుర్చీలు తగ్గిస్తే బస్సు ముందుగా రాదు, కూర్చునేవాళ్లకు చోటు లేకుండా పోతుంది. ఇక్కడా అంతే, మరీ తగ్గిస్తే ప్రాసెసర్ ఒక్క క్షణం వేరే పనిలో పడినప్పుడు మౌస్ కదలికలు కొన్ని పోతాయి. రిజిస్ట్రీ ఫైలు డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ చేయమనే వీడియోలను అసలు నమ్మొద్దు, అందులో ఇంకేం మారుస్తున్నారో మీకు తెలియదు. పోలింగ్ రేటు (మౌస్ సెకనుకి ఎన్నిసార్లు కబురు పంపుతుందన్న లెక్క) బలవంతంగా పెంచే డ్రైవర్ల జోలికీ వెళ్లొద్దు. వాలరెంట్ యాంటీ-చీట్ విండోస్ లోతుల్లో కూర్చుంటుంది, డిజిటల్ సంతకం లేని డ్రైవర్లుంటే గేమ్ తెరుచుకోకపోవచ్చు.

నిజంగా తేడా వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే ఫోన్ చాలు. స్లో మోషన్‌లో 240 ఫ్రేముల వీడియో తీసే ఫోన్ ఉంటే, మౌస్ బటన్, తెర రెండూ కనపడేలా పెట్టి ప్రాక్టీస్ రేంజ్‌లో కాల్చండి. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, వేలు బటన్‌ని దించిన ఫ్రేమ్ నుంచి తుపాకీ మెరిసిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. ఒక సెట్టింగు మార్చాక మళ్లీ తీయండి. ఒకేసారి రెండు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

గోదారి_గన్నర్

మా తమ్ముడు ఫోన్ పట్టుకుంటే తీశాను. 60 హెర్ట్జ్, వీ-సింక్ పెట్టినప్పుడు తీసిన వీడియోలో వేలు పూర్తిగా కిందికి వెళ్లి, తిరిగి పైకి లేవబోతుంటే అప్పుడు మెరుస్తోంది తుపాకీ. ఇప్పటి సెట్టింగులతో తీసినదాంట్లో బటన్ అడుగు తాకిన కాసేపటికే మెరుస్తోంది, ఫ్రేములు సగానికి సగం తగ్గాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఇంట్లో గేమ్‌లు తెలియనివాళ్లకి కూడా అర్థమైంది.

సెన్సిటివిటీ 800, 0.5 దగ్గరికి వచ్చాను. భుజం నొప్పి పుడుతోంది కానీ ఫ్లిక్ ఇప్పుడు తల దగ్గరే ఆగుతోంది. కొత్త మౌస్ కొనడం లేదు. ఒక్క సందేహం, అప్పుడప్పుడూ ఒక క్లిక్ రెండుగా పడుతోంది. ఇదీ సెట్టింగేనా?

సర్క్యూట్_శాస్త్రి

అది బటన్ కింద ఉన్న స్విచ్. లోపల చిన్న రాగి రేకు తగిలేటప్పుడు కొద్దిగా ఎగురుతుంది. ఆ గెంతులను క్లిక్‌లుగా లెక్కపెట్టకుండా ఫర్మ్‌వేర్ కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది, దాన్నే డీబౌన్స్ అంటాం. రేకు అరిగితే ఎగరడం ఎక్కువై రెండో క్లిక్‌గా నమోదవుతుంది. మీ మౌస్ సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ టైమ్ ఉంటే కొంచెం పెంచండి. మరీ పెంచితే వేగంగా వరసగా నొక్కే క్లిక్‌లు తప్పిపోతాయి. కొత్త మౌస్ కాబట్టి అలా మభ్యపెట్టుకోవడం కన్నా వారంటీలో మార్పించుకోవడమే మంచిది. డబుల్ క్లిక్ పడుతున్నట్టు వీడియో తీసి, బిల్లుతో కలిపి పంపండి. వెలుతురుతో పనిచేసే ఆప్టికల్ స్విచ్‌లున్న మౌసుల్లో ఈ జబ్బు రాదు, ఈసారి కొనేటప్పుడు గుర్తుంచుకోండి.

కేఫ్_రాజు

తమ్ముడూ, భుజం నొప్పంటున్నావు, కుర్చీ ఎత్తు చూసుకో. మోచేయి టేబుల్ కన్నా కిందికి ఉంటే భుజం పైకి లేచి బిగుసుకుంటుంది. కుర్చీ పెంచలేకపోతే కింద దిండు వేసుకో. గంటకోసారి లేచి నడువు.

కొత్త_ఆటగాడు

చివరిగా ఒకటి. నా మౌస్ బ్లూటూత్‌తో కలిపాను, డాంగిల్ కూడా సపోర్ట్ చేస్తుందని పెట్టె మీద ఉంది. బ్లూటూత్‌తో ఆడితే పర్లేదా?

డాలస్_డ్యుయలిస్ట్

ఆఫీస్ పనికి పర్లేదు, షూటింగ్ గేమ్‌లకు వద్దు. బ్లూటూత్‌లో మౌస్ కబుర్లు చాలా నిదానంగా వస్తాయి, 1000 హెర్ట్జ్ అన్నది డాంగిల్‌తోనే. డాంగిల్ కనపడకపోతే మౌస్ అడుగున బ్యాటరీ మూత తీసి చూడండి, చాలా మోడళ్లలో అక్కడే ఒక చిన్న గాడిలో దోపి ఉంటుంది.